ఐదు జెండాల కింద ఒకే కోచ్

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను 2022 దాకా గెలిచిన జట్లలో ఒక్కదానికీ విదేశీ కోచ్ లేడు. అయినా సమాఖ్యలకు పొరుగింటి పుల్లకూర మీద మోజు తీరడం లేదు. ఇంగ్లాండ్ జర్మనీకి చెందిన థామస్ టుకెల్‌ను తెచ్చుకుంది. బ్రెజిల్ 2025లో ఇటలీకి చెందిన కార్లో ఆంచెలొట్టిని పిలిచి పగ్గాలిచ్చింది. మనవాడు దొరకలేదా అన్న గొడవ ఆ రెండు చోట్లా నడిచింది. చిన్న దేశాలు మాత్రం ఆ మొహమాటాన్ని ఎప్పుడో వదిలేశాయి. అవి వదిలేయడానికి కారణమైన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వెలిబోర్ మిలుతినోవిచ్. లోకానికి ఆయన బోరా.

వరుసగా ఐదు ప్రపంచకప్‌లలో ఐదు వేర్వేరు దేశాలకు కోచ్‌గా ఉన్నారు: మెక్సికో, కోస్టారికా, అమెరికా, నైజీరియా, చైనా. ఐదు దేశాలను నడిపిన ఘనత బ్రెజిల్‌కు చెందిన పరేరాకూ ఉంది. కానీ పరేరా చేతిలో ఒకప్పుడు బ్రెజిల్ జట్టే ఉంది. బోరాకు అంతటి అదృష్టం ఎన్నడూ పట్టలేదు.

ఆయన 1944లో సెర్బియా పశ్చిమాన, డ్రీనా నది ఒడ్డున ఉన్న బాయినా బాష్టాలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. తూర్పున రాగి గనుల ఊరు బోర్‌లో బంధువుల ఇంట పెరిగారు. అన్నలు మిలోష్, మిలోరాద్ ఇద్దరూ బెల్‌గ్రేడ్‌లోని పార్టిజన్ క్లబ్బుకు ఆడారు. తమ్ముడూ అదే దారి పట్టాడు. అయితే ఇంట్లో అసలు పేరు మిలోష్‌దే. 1954, 1958 ప్రపంచకప్‌లలో యుగోస్లావియాకు ఆడి, తర్వాత ఆ జాతీయ జట్టుకే కోచ్ అయ్యాడు. తమ్ముడికి మాత్రం ప్రపంచకప్ ఆడే యోగమూ లేదు, స్వదేశపు జట్టును నడిపే అవకాశమూ రాలేదు. పార్టిజన్ వదిలాక స్విట్జర్లాండ్‌లో వింటర్‌టూర్, ఫ్రాన్స్‌లో మొనాకో, నీస్, రువాన్ తిరిగి, 1972లో మెక్సికో నగరంలోని విశ్వవిద్యాలయ జట్టు పూమాస్‌లో తేలారు. అక్కడే పెళ్లి, అక్కడే కోచింగ్. 1977లో ఆ జట్టు బాధ్యత తీసుకుని 1981లో లీగ్ గెలిపించారు. మెక్సికో స్ట్రైకర్ ఊగో సాంచెజ్ ఎదిగింది ఆ పూమాస్‌లోనే.

మెక్సికో జాతీయ జట్టు అప్పటికి పరువు పోగొట్టుకుని ఉంది. 1978 ప్రపంచకప్‌లో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడింది, 1982కు అర్హతే సాధించలేదు. 1986 టోర్నీని నిర్వహించాల్సిన కొలంబియా చేతులెత్తేయడంతో ఆ అవకాశం మెక్సికోకు దక్కింది. సొంతగడ్డపై నవ్వులపాలు కాకుండా చూడటం బోరా పని. ఆయన జట్టు గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది. బల్గేరియాపై నెగ్రెటే గాల్లోకి లేచి కొట్టిన కత్తెర షాట్ గోల్‌ను మెక్సికన్లు నేటికీ తలుచుకుంటారు. క్వార్టర్‌ఫైనల్లో పశ్చిమ జర్మనీని గోల్ చేయనీయకుండా ఆపి, పెనాల్టీ షూటౌట్‌లో ఓడారు. 2022 టోర్నీ దాకా చూస్తే మెక్సికో మళ్లీ క్వార్టర్స్ గడప తొక్కలేదు.

ఇక కోస్టారికా. బోరా గురించి ఒక్క కథే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. ఆ దేశానికి 1990 మొదటి ప్రపంచకప్. జట్టు అర్హత సాధించాక, టోర్నీకి దాదాపు మూడు నెలల ముందు బోరా చేతికి వచ్చింది. పేరున్న ఆటగాళ్లు కొందరిని జట్టు నుంచి తప్పించడంతో దేశమంతా మండిపడింది. ఇటలీలోని జెనోవాలో తొలి ప్రత్యర్థి స్కాట్లాండ్. రెండో అర్ధభాగం మొదలైన కాసేపటికే హారా మడమతో వెనక్కి తోసిన బంతిని కయాస్సో గోల్‌లోకి పంపాడు. 1-0. తర్వాత టూరిన్‌లో బ్రెజిల్‌తో ఆటకు కోస్టారికా నలుపు తెలుపు నిలువు చారల చొక్కాలతో దిగింది. అవి అచ్చం స్థానిక క్లబ్బు జువెంటస్ చొక్కాలే. ఇటాలియన్ ప్రేక్షకులను తమవైపు తిప్పుకోవడానికి బోరా వేసిన ఎత్తు అని అప్పట్లో చెప్పుకున్నారు. ఓడింది ఒక్క గోల్ తేడాతోనే. ఆపై స్వీడన్‌ను 2-1తో ఓడించి ముందుకు వెళ్లారు. ప్రిక్వార్టర్స్‌కు గోల్‌కీపర్ కొనెహో గాయంతో దూరమయ్యాడు. చెకోస్లొవేకియా ఆటగాడు స్కుహ్రావీ తలతోనే మూడు గోల్స్ కొట్టాడు. 4-1తో కథ ముగిసింది.

అమెరికా సంగతి వేరు. అప్పట్లో అక్కడ జాతీయస్థాయి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగే లేదు. అందుకే చాలామంది ఆటగాళ్లను కాలిఫోర్నియాలో ఒకచోట చేర్చి, ఒక క్లబ్బులా నెలల తరబడి తర్ఫీదు ఇచ్చారు. 1994లో కొలంబియాను 2-1తో ఓడించారు. ప్రపంచకప్‌లో అమెరికాకు 1950 తర్వాత అదే తొలి విజయం. ఆ మ్యాచ్‌లో సెల్ఫ్ గోల్ చేసిన కొలంబియా ఆటగాడు ఎస్కోబార్‌ను కొద్ది రోజులకే మెడెయిన్‌లో కాల్చి చంపారు. దాంతో ఆ గెలుపును ఎవరూ మనస్ఫూర్తిగా తలుచుకోలేని పరిస్థితి వచ్చింది. జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, బ్రెజిల్ 1-0తో వాళ్లను ఇంటికి పంపింది.

బోరాను అద్భుతాల మాంత్రికుడంటూ ఆకాశానికెత్తే వాళ్లు సాధారణంగా వదిలేసే విషయం ఒకటుంది. 1986 నుంచి 1994 దాకా 24 జట్లలో 16 నాకౌట్‌కు వెళ్లేవి. ఆరు గ్రూపుల్లో మూడో స్థానంలో ఉన్న వాటిలో మెరుగైన నాలుగు జట్లకూ చోటు దొరికేది. 1994లో అమెరికా దాటింది ఆ సందులోంచే. అంటే ఒక గెలుపు, ఒక డ్రా చాలు. మూడు మ్యాచ్‌ల కోసం జట్టును బిగించి, ఓడినా భారీగా ఓడకుండా చూసుకునే కోచ్‌కు ఇంతకన్నా అనువైన పద్ధతి ఉండదు. ఆయన ప్రతిభను తగ్గించడానికి ఇది చెప్పడం లేదు. ఏ సరుకుకు గిరాకీ ఉందో ఆయనకు బాగా తెలుసు. 2026 నుంచి 48 జట్లు కావడంతో మూడో స్థానానికి మళ్లీ ఆ విలువే వచ్చింది.

1997లో మెక్సికోను మరోసారి ప్రపంచకప్‌కు చేర్చినా, ఆట నచ్చలేదని సాగనంపారు. అలా 1998లో ఒలింపిక్ ఛాంపియన్ నైజీరియా దక్కింది. ఐదింటిలో అతి బలమైన జట్టు ఇదే. నాంట్‌లో రెండుసార్లు వెనకబడి కూడా, చివర్లో ఒలిసే దూరం నుంచి బాదిన బంతితో స్పెయిన్‌పై 3-2తో గెలిచింది. అదే జట్టు డెన్మార్క్ ముందు పన్నెండు నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చుకుని 4-1తో కుప్పకూలింది. మంచి సరుకు చేతికొచ్చినప్పుడే బోరా పప్పులు అంతగా ఉడకలేదన్న అనుమానం నాకు ఇక్కడే మొదలైంది.

చైనా 2001 అక్టోబరు 7న షెన్‌యాంగ్‌లో ఒమన్‌ను 1-0తో ఓడించి తొలిసారి ప్రపంచకప్‌లో అడుగుపెట్టింది. ఆతిథ్య దేశాలుగా జపాన్, దక్షిణ కొరియా నేరుగా ఆడటంతో ఆసియా దారి కొంత సుగమమైంది. టోర్నీలో మాత్రం మూడు ఓటములు, తొమ్మిది గోల్స్ సమర్పణ, ఒక్క గోల్ కూడా లేదు. తొలి దెబ్బ కొట్టింది కోస్టారికాయే. ఆ జట్టు కోచ్ గిమరాయిస్ 1990లో బోరా జట్టులో ఆటగాడు. ఈయనే తర్వాత మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌లో ముంబై సిటీకి కోచ్‌గా వచ్చాడు.

క్లబ్బుల్లో బోరా రికార్డు అంతంతమాత్రం. 1999లో ఆయన నడిపిన అమెరికా క్లబ్బు మెట్రోస్టార్స్ 32 మ్యాచ్‌ల్లో 25 ఓడింది. రోజూ అదే ఆటగాళ్లతో ఏడాది పొడవునా నెట్టుకురావడం ఆయన విద్య కాదు. హోండురస్, జమైకా, ఇరాక్‌లలోనూ ఎక్కువకాలం నిలవలేదు.

సెర్బియా నుంచి ఇలా బయల్దేరిన వారిలో ఆయన ఒంటరి కాదు. 1984లో భారత్‌ను ఆసియా కప్‌లో ఆడించిన మిలోవన్ చిరిచ్ సెర్బియా వాడే. 2010లో మరో సెర్బియన్ మిలోవన్ రాయెవాచ్ ఘనా కోచ్‌గా దక్షిణాఫ్రికా వెళ్లాడు. తొలి మ్యాచ్ ప్రిటోరియాలో, సెర్బియాతోనే. గ్యాన్ పెనాల్టీతో ఘనా 1-0తో గెలిచింది. సెర్బియా గ్రూపులో అట్టడుగున ఆగిపోయింది. ఘనా మాత్రం ప్రిక్వార్టర్స్‌లో అమెరికాను కూడా ఓడించి క్వార్టర్‌ఫైనల్ చేరింది.