తాతయ్య ఉత్తరం: చూడని ఊళ్ళో విమానం దించడం

డాలస్

చిరంజీవులు పెద్దోడికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో బుజ్జి ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నువ్వెప్పుడూ చూడని ఊళ్ళో విమానం దించాలంటే దారెట్లా తెలుస్తుంది?" అని. నేను నోరు తెరిచేలోపు మీ అమ్మ ఫోను లాక్కుని నా బీపీ మాత్రల సంగతి ఎత్తింది. ఇక ఆ మాట అక్కడే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

నేను నడిపేది మీరెక్కే పెద్ద విమానం కాదు. సెస్నా 172. నాలుగు సీట్లు, ఒక ఇంజను, ముందు ఒక పంకా. పాత అంబాసిడర్ కారుకు రెక్కలు తగిలించినట్టుంటుంది. ఇక్కడ ప్రైవేటు పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగిరి ఉండాలి. నాకు అంతకు రెట్టింపు దాకా పట్టింది, ఆ లెక్క మీ అమ్మమ్మకు చెప్పకండి. అమెరికాలో జనం వాడుకునే విమానాశ్రయాలు 5,000 దాకా ఉన్నాయి. కంట్రోల్ టవర్ ఉన్నవి 500 చిల్లరే. మిగతా చోట్ల దిగమనీ ఆగమనీ చెప్పేవాళ్ళుండరు. పది మైళ్ళ దూరం నుంచే "ఫలానా విమానం, దక్షిణం వైపు నుంచి వస్తున్నాను" అని రేడియోలో మనమే చెప్పుకోవాలి. అంటే దక్షిణం ఎటో మనకు తెలిసుండాలి.

ఈ విషయంలో నాకు మొదటి గురువు మా అమ్మ. ఆవిడ విమానం ఎక్కిందే లేదు. కానీ ఆవిడ నోట కుడి, ఎడమ అనే మాటలు నేను వినలేదు. "పడమటి గోడ పక్క చెంబుంది, పట్రా", "కాస్త తూర్పుకు జరిగి కూర్చో" అనేది. చుట్టాలింటికి వెళితే గుమ్మంలో కాలు పెట్టగానే తూర్పు ఎటో చూసుకునేది. వాస్తు పిచ్చి అనుకుని నవ్వేవాణ్ణి. ఇప్పుడు నేల నుంచి మూడు వేల అడుగుల ఎత్తులో నేను చేసే మొదటి పని అదే.

రన్‌వే కొసన పెద్ద తెల్ల అంకెలు రాసి ఉంటాయి, అవి దిక్కులే. దిక్సూచిలో తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, ఉత్తరం 360. చివరి సున్నా కొట్టేస్తే రన్‌వే నంబరు వస్తుంది. మన బేగంపేట రన్‌వే ఒక కొస 09, రెండో కొస 27. 09 మీద దిగితే విమానం ముక్కు తూర్పుకు, 27 మీద దిగితే పడమరకు. ఒకే రోడ్డుకు రెండు పేర్లు, వాటి మధ్య తేడా ఎప్పుడూ 18. అయస్కాంత ఉత్తరం మెల్లగా జరుగుతుంటుంది కాబట్టి అప్పుడప్పుడూ ఈ నంబర్లు కూడా మారతాయి. ఫ్లోరిడాలోని టాంపా వాళ్ళు 2011లో ఒక రన్‌వే మీద 18 చెరిపేసి 19 రాసుకున్నారు. ఏ కొసన దిగాలన్నది గాలి చెబుతుంది. గాలికి ఎదురుగా దిగాలి.

ఇప్పుడు అసలు కిటుకు. రాత్రి అన్నం తినేటప్పుడు చేసి చూడండి. కంచం మధ్యలో ఒక ములక్కాడ ముక్క అడ్డంగా పెట్టండి. అది రన్‌వే. కంచం పై అంచు ఉత్తరం. కాబట్టి ముక్క కుడి కొస తూర్పు, ఎడమ కొస పడమర. ఒక శనగగింజను కంచం కింది అంచున పెట్టండి. అది నా విమానం. దక్షిణం నుంచి వస్తున్నాను, ముక్కు ఉత్తరానికుంది. గాలి పడమటి నుంచి వీస్తోంది, కాబట్టి 27 మీద దిగాలి. అంటే తూర్పు కొస నుంచి లోపలికి రావాలి. వేరే మాట చెప్పని చోట, దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే మలుపులన్నీ ఎడమకే ఉండాలన్నది ఇక్కడి పద్ధతి. కాబట్టి ముందు ఈశాన్యంగా వచ్చి, ములక్కాడకు వారగా తూర్పుకు తిరుగుతాను. రన్‌వే నాకు ఎడమ పక్కన కనపడుతూ ఉండాలి. కొస దాటి కొంచెం పోయాక ఎడమకు ఒక మలుపు, మళ్ళీ ఎడమకు ఒక మలుపు. అప్పుడు ఎదురుగా 27 కనపడాలి. గింజను జరుపుతూ రెండుసార్లు తిప్పితే మీకే తెలిసిపోతుంది.

విమానంలో ఆ కంచం నిజంగానే ఉంటుంది. హెడింగ్ ఇండికేటర్ అంటారు. అరచేయంత గుండ్రటి డయల్, చుట్టూ అంకెలు. విమానం తిరిగితే డయల్ తిరుగుతుంది, ముక్కు ఎటుంటే ఆ అంకె పైకొస్తుంది. దిగాల్సిన నంబరు అందులో ఎక్కడుందో చూసి, మధ్యలో ములక్కాడను ఊహించుకోవడమే. ఒక చిక్కుంది. అది బొంగరం లాంటి యంత్రం, మెల్లగా పక్కకు జరిగిపోతుంది. పావుగంటకోసారి దిక్సూచి చూసి సరిచేసుకోవాలి. ఈ రోజుల్లో అందరి ఒళ్ళో ఐప్యాడ్ ఉంటుంది, నా ఒళ్ళో కూడా ఉంది. మంచిదే. కానీ దిగే ముందు కళ్ళు బయట ఉండాలి, ఒళ్ళో కాదు. అందుకే ముందు రోజు రాత్రే భోజనాల బల్ల మీద ఆ ఊరి పటం పరిచి, రన్‌వే ఎటుందో, పక్కన చెరువుందా, రైలు పట్టాలున్నాయా అని కాగితం మీద గీసుకుంటాను. ఇక్కడ చాలా ఊళ్ళలో నీళ్ళ ట్యాంకు మీద ఊరి పేరు రాసి ఉంటుంది. అంతకన్నా నమ్మకమైన సాక్షి లేదు.

ఇంత చెప్పే నేను కూడా ఒకసారి తప్పాను. ఓక్లహోమాలో ఒక చిన్న ఊరు. ఒకదాన్నొకటి కోసుకుంటూ రెండు రన్‌వేలు, ఒకటి 13-31, రెండోది 17-35. (13కు ఎదురు కొస 31 చూశారా? తిరగేస్తే అదే. ఇలాంటి చోట నోరు జారడం ఎంత తేలికో.) నేను 13 మీద దిగాలి, రేడియోలో అదే చెప్పాను. చివరి మలుపులో తొంభై డిగ్రీలు తిరగాలి. యాభై తిరిగేసరికే ఎదురుగా చక్కటి రన్‌వే కనపడింది. తొందరగా వచ్చిందే అని సంతోషించాను కూడా! నాలుగు వందల అడుగుల ఎత్తులో ఉండగా డయల్ వైపు చూస్తే పైన 17 ఉంది. గుండె ఆగినంత పనైంది. ఇంజను పూర్తిగా పెంచి పైకి లేచాను. పక్క సీట్లోంచి మీ అమ్మమ్మ "దిగలేదేం?" అంది. "రన్‌వే నచ్చలేదు" అన్నాను. రేడియోలో ఎవరో పెద్దాయన గొంతు, "టేక్ యువర్ టైమ్" అంది. రెండోసారి చుట్టి వచ్చి 13 మీదే దిగాను.

మనం దేనికోసం చూస్తున్నామో కన్ను అదే చూపిస్తుంది, అదే దీనితో గొడవ. హాలీవుడ్ నటుడు హారిసన్ ఫోర్డ్ అనుభవమున్న పైలట్. 2017 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని జాన్ వేన్ విమానాశ్రయంలో రన్‌వే అనుకుని దాని పక్కన ట్యాక్సీవే మీద, అంటే విమానాలు నేల మీద నడిచివెళ్ళే దారి మీద దిగారు. కింద ఆగి ఉన్న ప్రయాణికుల విమానం మీదుగా వచ్చి మరీ. ఎవరికీ ఏమీ కాలేదు, పొరపాటు తనదేనని ఆయనే ఒప్పుకున్నారు. బొంబాయిలో 1972లో జపాన్ ఎయిర్‌లైన్స్ జెట్ ఒకటి పెద్ద విమానాశ్రయం శాంతాక్రజ్ అనుకుని, దగ్గర్లోని చిన్న విమానాశ్రయం జుహూలో దిగింది. అక్కడి రన్‌వే పొట్టిది, చాలక అవతలికి దూసుకుపోయింది. అదృష్టం, ఎవరి ప్రాణమూ పోలేదు. 1953లో ఒక కామెట్ జెట్ కూడా అదే జుహూలో అలాగే దిగింది.

నేల మీద ఇంకా కష్టం. దిగాక రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి. నల్ల బోర్డు మీద పసుపు అక్షరం ఉంటే నువ్వు ఆ దారిలో ఉన్నావని. ఎర్ర బోర్డు మీద తెల్ల నంబరుంటే ముందు రన్‌వే ఉంది, ఆగు అని. ఇది రాయాలా వద్దా అనుకున్నాను కానీ పెద్దోడు పెద్దవాడయ్యాడు కదా. 2001 అక్టోబరు 8న మిలాన్‌లోని లినాటెలో పొగమంచులో ఒక చిన్న సెస్నా జెట్ వేరే దారి పట్టి రన్‌వే మీదికొచ్చింది. పైకి లేస్తున్న పెద్ద విమానం దాన్ని ఢీకొంది. 118 మంది పోయారు. తప్పు ఆ పైలట్లదొక్కటే కాదు, గుర్తులు సరిగా లేవు, నేల మీది రాడార్ పనిచేయడం లేదు. అందుకే టవర్ ఉన్న కొత్త చోట నేను సిగ్గుపడకుండా "కొత్తవాణ్ణి, మలుపు మలుపుకూ దారి చెప్పండి" అని అడిగేస్తాను. వాళ్ళు విసుక్కోరు.

రాత్రి సంగతి బుజ్జి అడగలేదు గానీ అదే నాకిష్టం. దూరం నుంచి ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి తెల్లగా తిరిగే దీపం కనపడితే అది విమానాశ్రయం. కానీ చిన్న ఊళ్ళలో రన్‌వే దీపాలు ఆర్పేసి ఉంటాయి, కింద అంతా చీకటి. రేడియో బటన్‌ను ఐదు సెకన్లలో ఏడుసార్లు టకటకా నొక్కాలి. కింద మనిషుండడు, చెప్పేవాడుండడు, ఉన్నట్టుండి రెండు వరసల తెల్లదీపాలు వెలుగుతాయి. వచ్చే వేసవికి మీరొస్తారుగా, ఆ బటన్ బుజ్జి నొక్కుతుంది. పెద్దోడు డయల్ చూసి నంబరు చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య