కమీషన్ సున్నా అయితే ఖర్చు ఎవరిది?

ఏటికొప్పాక లక్కబొమ్మలను విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారి ఒకరు ఉన్నారనుకుందాం. ఒకే బొమ్మల జతను 499 రూపాయలకే అమెజాన్‌లోనూ, ఫ్లిప్‌కార్ట్‌లోనూ, మీషోలోనూ పెట్టినా, చివరికి బ్యాంకు ఖాతాలో పడే సొమ్ము మూడు చోట్లా ఒకేలా ఉండదు. ఎక్కడ కమీషన్ తక్కువో చూసుకుంటే చాలునని ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగినవారు అనుకుంటారు. కానీ మొత్తం లెక్కలో కమీషన్ ఒక పద్దు మాత్రమే. ఆ వేదిక అమ్మేవారి దగ్గర తీసుకుంటుందా, కొనేవారి దగ్గర తీసుకుంటుందా, సరుకు అమ్ముడైనప్పుడు తీసుకుంటుందా, అమ్ముడు కాకముందే తీసుకుంటుందా అన్నవి తెలిస్తేగాని ఆ వేదిక స్వభావం తెలియదు. తెర మీద ఏ వస్తువు ముందు కనిపిస్తుంది, అమ్మేవారి ఫోన్ నంబరు కొనేవారికి దొరుకుతుందా లేదా, ఏ ధర వస్తువులు అక్కడ నిలదొక్కుకుంటాయి అన్నవన్నీ ఆ రాబడి పద్ధతి నుంచి పుట్టేవే.

ఇలాంటి వ్యాపారాలను అర్థశాస్త్రంలో రెండు పక్షాల విపణులు అంటారు. ఫ్రెంచి ఆర్థికవేత్తలు రోషే, టిరోల్ 2003లో ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ రంగానికి పునాది వేసిన వాటిలో ఒకటి. వీరిలో టిరోల్‌కు 2014లో అర్థశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మామూలు వ్యాపారంలో పది రూపాయల రుసుమును ఎవరి పేర రాసినా, బేరంలో అది అటూ ఇటూ సర్దుకుని చివరికి ఫలితం ఒకటే అవుతుంది. రెండు పక్షాల విపణిలో మాత్రం మొత్తం రుసుము మారకపోయినా, దానిని ఇరుపక్షాల మధ్య పంచే తీరు మారితే లావాదేవీల సంఖ్యే మారిపోతుంది. దినపత్రిక ఇందుకు పాత ఉదాహరణ. పాఠకుడు ఇచ్చే ధర కాగితానికీ అచ్చుకూ చాలదు, మిగతాది ప్రకటనదారు భరిస్తాడు, ఆ ప్రకటనదారు వచ్చేదే పాఠకులు ఉన్నారని. ఆన్‌లైన్ మార్కెట్ మొదట ఎదుర్కొనే చిక్కు కూడా ఇదే: కొనేవారు లేనిదే అమ్మేవారు రారు, అమ్మేవారు లేనిదే కొనేవారు రారు. అందువల్ల ఏదో ఒక పక్షాన్ని నష్టానికైనా సరే ముందు రప్పించుకోవాలి. ఏ పక్షాన్ని అన్నదే కంపెనీల మధ్య అసలు పోటీ.

ఈ ఎంపిక ఒక కంపెనీ తలరాతను ఎంతగా మార్చగలదో చెప్పడానికి చైనా అనుభవాన్ని మించినది లేదు. అమెరికాలో 1995లో మొదలైన ఈబే, 2003 నాటికి చైనాలోని ఈచ్‌నెట్ అనే సంస్థను పూర్తిగా కొనేసి అక్కడ తిరుగులేని స్థానంలో ఉంది. అదే సంవత్సరం అలీబాబా సంస్థ తావోబావోను ప్రారంభించి, అమ్మేవారి దగ్గర రుసుమే తీసుకోబోమని ప్రకటించింది. ఉచితం కనుక అమ్మేవారు అటు వెళ్లారనడం నిజమే అయినా, కథలో సగమే. ఈబే ఆదాయం ప్రతి అమ్మకం మీద వచ్చే కమీషన్. కొనేవారూ అమ్మేవారూ నేరుగా మాట్లాడుకుంటే లావాదేవీని బయటే ముగించి కమీషన్ ఎగ్గొట్టవచ్చు కనుక, ఇద్దరినీ వీలైనంత దూరంగా ఉంచవలసిన అవసరం దానికి ఉంది. తావోబావోకు ఆ భయం లేదు. అందుకే అది కొనేవారూ అమ్మేవారూ అక్కడికక్కడే సందేశాలు పంపుకునే సౌకర్యాన్ని ఇచ్చింది. బేరమాడనిదే కొనడం అలవాటు లేని జనానికి అది వరమైంది. దీనికి తోడు, సరుకు చేరేవరకు సొమ్మును మధ్యలో అట్టిపెట్టే అలీపే పద్ధతి కూడా వచ్చింది. 2006 ముగిసేసరికి ఈబే చైనాలో తన సైటును మూసివేసి, స్థానిక సంస్థతో భాగస్వామ్యానికి పరిమితమైంది. తావోబావో ఆ తరువాత అమ్మేవారికి ప్రకటనల చోటు అమ్మి సంపాదించింది.

మన దగ్గర కూడా ఈ తేడాను చూడవచ్చు. గాజువాక ఆటోనగర్‌లో పంపుల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్ ఇండియామార్ట్‌లో చేరితే, కొనుగోలుదారు ఫోన్ నంబరూ ఏం కావాలన్నదీ నేరుగా యూనిట్ యజమానికి చేరతాయి. 1996లో మొదలైన ఆ సంస్థకు అమ్మకం మీద వాటా లేదు. సరఫరాదారులు కట్టే చందాయే దాని ప్రధాన రాబడి. కనుక ఫోన్ నంబరే అక్కడ అమ్ముడయ్యే సరుకు. అమెజాన్‌లో అమ్మేవారు తమ నంబరును ప్యాకింగ్ లోపల కాగితం మీద రాసి పంపినా నిబంధనల ఉల్లంఘన అవుతుంది. కమీషన్ మీద బతికే వేదికకు కొనేవాడి చిరునామాయే ఆస్తి, దాన్ని అది ఊరికే ఇవ్వదు.

భారతదేశంలో ఈ పోటీకి చట్టం గీసిన హద్దు ఒకటుంది, అది తెలియకపోతే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల ప్రవర్తన అర్థం కాదు. 2007లో బెంగళూరులో పుస్తకాలు అమ్మడంతో మొదలైన ఫ్లిప్‌కార్ట్ (దాని తొలి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచే వెళ్లింది) మొదట్లో సరుకు తానే తెప్పించి అమ్మేది. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థ సరుకును సొంతం చేసుకుని ఆన్‌లైన్‌లో వినియోగదారులకు నేరుగా అమ్మకూడదు, ఇతరులు అమ్ముకునే వేదికను మాత్రం నడపవచ్చు. 2016లో కేంద్రం ఈ విషయాన్ని స్పష్టం చేస్తూ, వేదికలో జరిగే అమ్మకాల్లో ఒకే విక్రేత వాటా 25 శాతం మించకూడదని, ధరలను వేదిక ప్రభావితం చేయకూడదని షరతులు పెట్టింది. వేదికకు వాటా ఉన్న కంపెనీలు అదే వేదికలో అమ్మరాదన్న నిబంధన 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో దాదాపు 77 శాతం వాటాకు 1,600 కోట్ల డాలర్లు పోసిన వాల్‌మార్ట్ కొన్నది కూడా, చట్టం దృష్టిలో, సరుకు లేని సంతనే. 2013లో భారత్‌లో అడుగుపెట్టిన అమెజాన్‌దీ అదే స్థితి. సరుకు మీద లాభం నిషిద్ధమైనప్పుడు ప్రధానంగా మిగిలేవి మూడు: అమ్మకం మీద కమీషన్, గోదాము, రవాణా సేవలకు రుసుము, ప్రకటనలు.

అనకాపల్లి బెల్లం మార్కెట్టులో రైతు దిమ్మలు దించినప్పటి నుంచి కమీషన్ వ్యాపారి వంతు, కొలగారి వంతు, కలాసీల వంతు వేర్వేరుగా చీటీ మీదకు ఎక్కినట్టే, అమెజాన్ తరహా వేదికలో కూడా కోతలు వేర్వేరు పద్దుల కింద వస్తాయి. వస్తువు రకాన్నీ ధరనూ బట్టి మారే కమీషన్ శాతం ఒకటి. ఒక్కో ఆర్డరుకూ ఇంత అని నిర్ణయించే ముగింపు రుసుము ఒకటి. బరువును బట్టి రవాణా రుసుము మరొకటి. సరుకును వారి గోదాములోనే ఉంచితే నిల్వ రుసుము అదనం. జీఎస్టీ కింద 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం కూడా మినహాయిస్తారు కాని, అవి వేదిక రాబడి కావు, వ్యాపారి తన పన్ను లెక్కల్లో సర్దుకోవచ్చు. వీటన్నిటిలో కొత్తవారిని ఎక్కువగా దెబ్బతీసేది బరువు పద్దు.

కొరియర్ సంస్థలు అసలు బరువుతో పాటు పరిమాణ బరువు అనే మరో లెక్క వేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే అంకె, కిలోల్లో ఆ పెట్టె పరిమాణ బరువు. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే రుసుము. కారణం సులభమే: వ్యాను మోయగల బరువు నిండకముందే దానిలో చోటు నిండిపోతుంది. అంకుడు కర్ర చాలా తేలిక. ఆ కర్రతో చేసిన బొమ్మల జత ప్యాకింగుతో కలిపి 600 గ్రాములే తూగవచ్చు. కాని రంగు చెదరకుండా, మెడ విరగకుండా చుట్టూ మెత్తలు పెట్టి 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే పరిమాణ బరువు 1.8 కిలోలవుతుంది. అంటే వ్యాపారి గాలికి కూడా రవాణా కడుతున్నాడు. అరకు కాఫీ పొడి పావుకిలో ప్యాకెట్టుకు ఈ బాధ లేదు. 18, 10, 6 సెంటీమీటర్ల డబ్బా లెక్క 216 గ్రాములే, అసలు బరువు కంటే తక్కువ. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన రెండు ప్రసిద్ధ సరుకుల్లో ఒకటి ఆన్‌లైన్‌కు అతికినట్టు సరిపోవడానికీ, రెండోది ప్రతి ఆర్డరుకూ తడబడడానికీ ఈ భాగహారమే సగం కారణమని నా అభిప్రాయం.

మీషో దారి వేరు. 2015లో మొదలైనప్పుడు దాని వినియోగదారులు పునఃవిక్రేతలు, ఎక్కువగా గృహిణులు. చీరల ఫోటోలను వాట్సాప్‌లో బంధువులకూ ఇరుగుపొరుగుకూ పంపి, తమ లాభం కలుపుకుని అమ్మేవారు. ఆ తరువాత అది నేరుగా కొనేవారి యాప్‌గా మారి, 2021లో అమ్మేవారి నుంచి కమీషన్‌ను పూర్తిగా ఎత్తివేసింది. మరి కంపెనీ ఎలా నడుస్తుంది? రవాణా రుసుములు, ప్రకటనలు దాని ప్రధాన ఆధారాలు. వాల్మో పేరుతో సొంత రవాణా వ్యవస్థను కూడా కట్టుకుంది. కమీషన్ లేకపోవడం 150, 200 రూపాయల వస్తువులకు ప్రాణం పోసింది, ఎందుకంటే ఆ ధరలో ఒక్కో ఆర్డరుకు పడే స్థిర రుసుములే లాభంలో చాలా భాగాన్ని మింగేస్తాయి, ఆపై కమీషన్ కూడా పడితే ఏమీ మిగలదు.

అయితే ప్రకటన ఖర్చు కమీషన్ కంటే చిన్నదని ముందే అనుకోకూడదు. ఊహా అంకెలతో చూద్దాం. ఒక క్లిక్కుకు 4 రూపాయలు పడుతూ, 25 మంది నొక్కితే ఒకరు కొంటే, ఒక అమ్మకానికి ప్రకటన ఖర్చు 100 రూపాయలు. 499 రూపాయల వస్తువు మీద అది 20 శాతం. కమీషన్‌కూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా నష్టభయం ఎవరిదన్నది. కమీషన్ అమ్మకం జరిగితేనే కట్టాలి, క్లిక్కు సొమ్ము అమ్మకం జరగకపోయినా పోతుంది. పైగా క్లిక్కు ధర వేలంలో తేలుతుంది. విలియం విక్రీ 1961లో వివరించిన వేలంలో గెలిచినవాడు తన పాట కాకుండా రెండో పెద్ద పాటను చెల్లిస్తాడు, కనుక తన నిజమైన విలువనే పాడడం అతనికి మేలు. ఇంటర్నెట్ ప్రకటనల్లో ఆ సూత్రాన్ని మార్చి వాడుకున్న పద్ధతులు చాలా వచ్చాయి. వాటిలో నిజం పాడడమే మేలన్న హామీ లేదు. పోటీదారులు పెరిగేకొద్దీ ధర పైకి పోతుందన్నది మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. ఒకే రకం కుర్తీని వెయ్యి మంది అమ్ముతున్న చోట, ఎత్తివేసిన కమీషన్‌లో కొంత భాగం ఆ వేలం గుండా వేదికకే తిరిగి చేరుతుంది.

ప్రకటనలు కమీషన్ వేదికలకు కొత్తేమీ కాదు. అమెజాన్‌కు ప్రపంచవ్యాప్తంగా 2024లో ప్రకటనల మీద వచ్చిన ఆదాయం సుమారు 5,600 కోట్ల డాలర్లు. వెతికినప్పుడు పై వరుసల్లో ‘స్పాన్సర్డ్’ అన్న చిన్న అక్షరాలతో కనిపించేవన్నీ ఆ ఖాతాలోవే. కమీషన్ మాత్రమే తీసుకునే వేదికకు, ఎక్కువగా అమ్ముడుపోయే వస్తువును పైన చూపడమే లాభం. ప్రకటనల మీద ఆధారపడేకొద్దీ, ఎక్కువ చెల్లించే వస్తువును పైకి తేవాలన్న ఆకర్షణ పెరుగుతుంది. ఒకే కంపెనీలో ఈ రెండు ప్రయోజనాలూ పెనుగులాడుతుంటాయి.

తిరిగి వచ్చే సరుకు సంగతి మరొకటి. వంద ఆర్డర్లలో 15 వెనక్కి వస్తాయనీ, పోనూ రానూ చెరో 70 రూపాయలు అమ్మేవారి మీదే పడుతుందనీ అనుకుంటే, 2,100 రూపాయల నష్టాన్ని మిగిలిన 85 అమ్మకాలు మోయాలి. ఒక్కోదానికి సుమారు 25 రూపాయలు. సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతిని 2010లో ఫ్లిప్‌కార్ట్ ప్రవేశపెట్టడం వల్లే కార్డుల్లేని జనం ఆన్‌లైన్‌కు వచ్చారు. తలుపు దగ్గర వద్దనేసే స్వేచ్ఛ కూడా దానితోనే వచ్చింది. మీషో దీనికి తెలివైన మందు వేసింది. నచ్చకపోయినా తిప్పి పంపే హక్కుతో ఒక ధర, పాడైన వస్తువో తప్పు వస్తువో వస్తేనే తిప్పి పంపే షరతుతో అంతకంటే తక్కువ ధర చూపి, ఎంచుకోమంటుంది. తిప్పి పంపే ఉద్దేశం లేనివారు తక్కువ ధరను ఎంచుకుంటారు. ఎవరు ఏ రకమో కంపెనీ అడగనక్కర్లేదు, వారే చెప్పేస్తారు.

పోటీ ఒత్తిడి 2025లో బాగా కనిపించింది. 300 రూపాయల లోపు కోటికి పైగా వస్తువుల మీద అమెజాన్ కమీషన్ తీసివేసింది. ఫ్లిప్‌కార్ట్ ఆ సంవత్సరం చివర్లో 1,000 రూపాయల లోపు వస్తువుల దాకా వెళ్లింది. ఖరీదైన ఫోన్ల మీద వచ్చే రాబడితో చవక సరుకును పోషించగల కంపెనీలు అవి, మీషోకు ఆ వెసులుబాటు తక్కువ. పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చే యాప్‌లది వేరే ప్రపంచం కనుక ఇక్కడ విస్తరించను. అయితే బ్లింకిట్ మాతృసంస్థ తనలో విదేశీ వాటాను 49.5 శాతానికి పరిమితం చేసుకుని, భారతీయుల చేతిలోని సంస్థగా లెక్కకు వచ్చి, సరుకును సొంతంగా ఉంచుకునే వీలు సంపాదించుకోవడం, పైన చెప్పిన చట్టపు హద్దు ఎంత బలమైనదో చూపుతుంది.

వీటన్నిటికీ భిన్నమైనది 2021 చివర్లో కేంద్ర ప్రభుత్వ చొరవతో లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పడిన ఓఎన్‌డీసీ (ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్). ఇది యాప్ కాదు, యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి కుదిరిన ఉమ్మడి నియమావళి. ఒక బ్యాంకు ఖాతా నుంచి వేరే కంపెనీ యాప్ ద్వారా ఇంకో బ్యాంకుకు యూపీఐ డబ్బు పంపినట్టే, కొనేవారు ఒక యాప్‌లోనూ అమ్మేవారు మరో యాప్‌లోనూ ఉండి, రవాణాను మూడో సంస్థకు అప్పగించవచ్చు. రుసుములు కూడా అలాగే చీలిపోతాయి: కొనేవారిని తెచ్చిన యాప్‌కు ఒక శాతం, అమ్మేవారి సరుకు జాబితా నడిపే యాప్‌కు మరొకటి, రవాణా ఖర్చు విడిగా. మొత్తం మీద తక్కువే కావచ్చు, కాని బొమ్మ మెడ విరిగి చేరినప్పుడు ముగ్గురిలో ఎవరు భరించాలో నియమాల్లో ముందే రాసుకోవాలి, ఆ ఫిర్యాదు ముగ్గురి మధ్య తిరగాలి. అమెజాన్‌లో అదంతా ఒకే గుమ్మం దగ్గర తేలిపోతుంది. ఇక వస్తువుల వరుస క్రమం ఇక్కడ కొనేవారి యాప్ చేతిలో ఉంటుంది. నెట్‌వర్క్‌లోని విక్రేతలందరి దగ్గర నుంచి వచ్చిన జవాబుల్లో దేనిని పైన చూపాలో తేల్చేది అదే. తెచ్చిన ప్రతి అమ్మకానికీ వచ్చే చిన్న శాతంతో ఆ యాప్ నడవలేకపోతే, పై వరుసను అమ్మకానికి పెట్టాలన్న ఒత్తిడి దానికీ తప్పదు.