రిటైరైతే సంఘంతో పనైపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

రిటైరయ్యాక కూడా ఉపాధ్యాయ సంఘం ఆఫీసుకి వెళ్తున్నానంటే అందరూ అడిగేది ఒకటే, "ఇంకా ఎందుకండీ మాస్టారూ, హాయిగా ఇంట్లో ఉండక?" విని విని ఇది రాస్తున్నా.

అపోహ: రిటైరైన రోజే సభ్యత్వం పోతుంది.
వాస్తవం: ఆ మాట మీ సంఘం నియమావళి చెప్పాలి, పక్కింటాయన కాదు. కొన్ని సంఘాల్లో తక్కువ చందాతో వేరే సభ్యత్వం ఉంటుంది, కొన్నిటిలో పెన్షనర్లకు విడిగా విభాగమే ఉంటుంది. చాలామంది జారిపోయేది ఎక్కడంటే, సర్వీసులో ఉన్నన్నాళ్లూ చందా జీతంలోంచే పోయేది, జీతం ఆగగానే అదీ ఆగింది, కట్టమని వాళ్లూ అడగలేదు, కడతానని వీళ్లూ అనలేదు.

అపోహ: పెన్షన్ వస్తోందిగా, ఇక సంఘం దేనికి?
వాస్తవం: ధరలు పెరుగుతూ పెన్షన్ మాత్రం అక్కడే ఉంటే ఏమవుతుందో చెప్పడానికి లెక్కల మాస్టారే అక్కర్లేదు. ఉపాధ్యాయుల స్థాయి గురించి 1966 అక్టోబర్ 5న పారిస్‌లో ఆమోదించిన ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), యునెస్కో సిఫారసుల్లో జీతాలతో పాటు సామాజిక భద్రత, వృద్ధాప్య ప్రయోజనాల ప్రస్తావన కూడా ఉంది (ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం ఆ తేదీనే జరుపుకునేది అందుకే). కానీ అవి సిఫారసులు, చట్టం కాదు. వెంటపడి అడిగేవాళ్లు ఉండాల్సిందే.

అపోహ: అనుభవం మనది కాబట్టి పదవీ, ఓటూ మనకే ఉండాలి.
వాస్తవం: ఇక్కడ మనవాళ్లకు కోపం వచ్చినా సరే, చెప్తా. సమ్మెకి దిగితే జీతం కోత పడేది సర్వీసులో ఉన్నవాళ్లకి, కాబట్టి దిగాలా వద్దా అన్నది వాళ్లే తేల్చుకోవాలి. పెన్షన్ సంగతి వచ్చినప్పుడు మన మాట గట్టిగా వినిపిద్దాం. నేనే ఒకసారి "మా రోజుల్లో" అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు ఆపలేదు, ముందు వరసలో ఒకమ్మాయి నోట్సు మూసేసి పెన్ను క్యాప్ పెట్టేసింది. అప్పటినుంచి వెనక కుర్చీలో కూర్చుంటున్నా.

అపోహ: ఆన్‌లైన్ మీటింగులు మనకు రావు.
వాస్తవం: వస్తాయి. మ్యూట్ తీయడం మర్చిపోతాం, అంతే.

అపోహ: పాత సంగతులు ఇప్పుడెవరికీ పనికిరావు.
వాస్తవం: బదిలీ మధ్యలో 11 రోజులు సర్వీసులో కలపలేదని ఒక టీచరు వచ్చింది. ఇలాంటిదే మునుపు మేం సాధించిన గుర్తు. బీరువాలోంచి మినిట్స్ పుస్తకాలు (మీటింగుల్లో జరిగింది రాసిపెట్టేవి) తీసి వెతికితే, తీర్మానం పక్కనే అప్పటి ఉత్తర్వు నకలు గుండుసూదితో గుచ్చి ఉంది, సూది తుప్పు కాగితానికి అంటుకుపోయింది. ఆ ఉత్తర్వుని ఆవిడ ఫోటో తీసుకుని అర్జీకి జతచేసింది. అయితే అది ఎక్కడుందో నాకొక్కడికే తెలియడం ఏం గొప్ప? రేపు నేను లేకపోతే? అందుకే ఇద్దరు కుర్రటీచర్లతో కూర్చుని ఏ విషయం ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో పట్టిక రాయిస్తున్నా. మూడు పుస్తకాలయ్యాయి. ఇంకా రెండు అరలున్నాయి.