‘కరెంటు కలిపే అద్దె’: అపోహలు - వాస్తవాలు

తెనాలిలో ఇళ్ళకి వైరింగ్ పని చేస్తాను. ఎండలు ముదిరాయంటే నాకు ఎక్కువగా వచ్చే ఫోను ఇదే: ‘‘అన్నా, మా మీటరు తెగ తిరిగేస్తోంది, ఒకసారి వచ్చి చూడవా?’’ వెళ్ళి చూస్తే చాలాసార్లు మీటరు బాగానే ఉంటుంది. అడ్వాన్సు ఇచ్చిన రోజే తప్పు లెక్కకి తలూపి ఉంటారు.

అపోహ: కరెంటు, నీళ్ళు కలిపే అద్దె కాబట్టి మనకి గొడవ లేదు, పైగా లాభం.

వాస్తవం: మన ఊళ్ళలో ఇలాంటి ఇల్లంటే ఒకటే సర్వీసు, అంటే ఒకటే కరెంటు కనెక్షన్. కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు, అందరి వాడకం కలిసి ఒకే బిల్లులో పడుతుంది. నష్టమంతా ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన ఇంటి టారిఫ్ చూడండి: మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. మూడిళ్ళూ తలా 100 యూనిట్లు కాల్చాయనుకుందాం. మూడు సర్వీసులుంటే ఒక్కో ఇంటికి యూనిట్ల ఖర్చు రూ.304.50, మొత్తం రూ.913.50. అదే ఒక్క సర్వీసు మీద 300 యూనిట్లయితే రూ.1,673. అవే ఫ్యాన్లు, అవే ఫ్రిజ్‌లు, నెలకి రూ.760 ఎక్కువ. ఆ డబ్బు అద్దెలో కలిసిపోయి వస్తుంది కాబట్టి ఎవరికీ కనబడదు.

ఒక్కో పోర్షన్ వాడకం కొలవడానికి ఓనరే లోపల సొంతంగా సబ్ మీటరు పెట్టి ‘యూనిట్ పది రూపాయలు’ అనేవాళ్ళది మరో లెక్క. వాళ్ళందరూ మోసం చేస్తున్నారని నేననను. బిల్లులో పై స్లాబు (యూనిట్లు పెరిగేకొద్దీ రేటు మారే మెట్టు) రేటు రూ.8.75 కళ్ళబడుతుంది, మిగతా చార్జీలు కలిపి పది అనేస్తారు. కానీ అదే బిల్లులో మొదటి 225 యూనిట్లు ఆరు రూపాయలకీ అంతకన్నా తక్కువకీ పడ్డాయి కదా! పైన చెప్పిన 300 యూనిట్ల సగటు రూ.5.58. ఫిక్స్‌డ్ చార్జీలు, కరెంటు సుంకం, ఇంధన ఖర్చు సర్దుబాటు కలిపినా పదికి చేరదు. అందుకే సర్వీసు నంబరు అడిగి తీసుకోండి. ఫోన్‌పేలో కొడితే ఆ నెల బిల్లు ఎంతో తెలిసిపోతుంది. కాగితం బిల్లు కూడా అడిగి చూసి, మొత్తాన్ని యూనిట్లతో భాగించండి. మీ రేటు అదే. అడగడానికి మొహమాటపడకండి, బాబూ. మీరిచ్చే డబ్బుకే లెక్క అడుగుతున్నారు.

ఒక ఇంట్లో చంటిపిల్లతో ఉన్న జంట బిల్లుకి భయపడి మిట్టమధ్యాహ్నం ఫ్యాను కట్టేసుకుని కూర్చున్నారు. పాపకి వీపంతా చెమటకాయలు. వాళ్ళ పోర్షన్ ఎంసీబీలన్నీ (కరెంటు ఆపే స్విచ్‌లు) దించేశాను. అయినా సబ్ మీటరు మీద ఎర్ర లైటు గబగబా కొట్టుకుంటూనే ఉంది. సరిగ్గా అప్పుడే కింద బోరు మోటరు నడుస్తోంది. వైరు పట్టుకుని వెళితే, మోటరు లైను వీళ్ళ సబ్ మీటరు తర్వాత నుంచి లాగి ఉంది! ఒక హెచ్‌పీ మోటరు రోజుకి రెండు గంటలు తిరిగితే యూనిటున్నర, నెలకి 45 యూనిట్లు. ఇల్లంతటికీ నీళ్ళు ఎక్కిస్తున్నది వీళ్ళ డబ్బుతో. ఓనరు పెద్దాయనకీ ఆ సంగతి తెలియదు, చూపించగానే బాధపడ్డారు. ఆ పూటే లైను మార్చాం. ఇల్లు చూసేటప్పుడు మీరూ అన్నీ కట్టేసి, మోటరు వేయించి, మెట్ల లైటు వేయించి ఆ ఎర్ర లైటు కొట్టుకుంటోందేమో చూడండి.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి ఇంకో నష్టం. 2024లో వచ్చిన గృహజ్యోతి ఉచిత కరెంటు పథకంలో 200 యూనిట్ల లోపు వాడే రేషన్ కార్డు కుటుంబానికి జీరో బిల్లు, అద్దెకున్నవాళ్ళకి కూడా. మూడిళ్ళు ఒకే మీటరు మీదుంటే 200 ఎప్పుడో దాటేస్తుంది.

అపోహ: కొత్త మీటరు గాలికే తిరుగుతుంది.

వాస్తవం: ఉత్త పుకారు. మీటరు మారినంత మాత్రాన స్లాబు మారదు.

అపోహ: నీళ్ళు కలిపే అంటే తాగే నీళ్ళు కూడా.

వాస్తవం: బోరు నీళ్ళే. 20 లీటర్ల టిన్ను ఖర్చు మీదే. ఏసీ కూడా అంతే, ‘కలిపే’ అన్న చాలామంది ఏసీ పెట్టకూడదంటారు, ముందే అడగండి.

అపోహ: అద్దెకున్నవాళ్ళకి విడిగా మీటరు ఇస్తే పన్నెండేళ్ళకి ఇల్లు వాళ్ళదైపోతుంది.

వాస్తవం: ఈ భయంతోనే చాలామంది ఓనర్లు రెండో సర్వీసు తీసుకోరు. అద్దె కట్టి ఉన్నవాళ్ళు ఓనరు అనుమతితో ఉన్నట్టు. కరెంటు బిల్లు ఇంటి హక్కు పత్రం కాదు. పైగా రెండో సర్వీసు కూడా ఓనరు పేరు మీదే పెట్టుకోవచ్చు. అద్దెకున్నవాళ్ళకో మాట: ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఇవ్వలేదన్న ఒక్క కారణంతో కరెంటు కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు దాకా అక్కర్లేదు, మూడు సర్వీసుల లెక్క, ఒక సర్వీసు లెక్క కాగితం మీద వేసి ఓనరు ముందు పెట్టండి. పోర్షన్‌కి విడి వంటిల్లు, విడి దారి ఉంటే ఇంటి కాగితాలతో కరెంటోళ్ళ సెక్షన్ ఆఫీసుకి వెళ్ళి కొత్త సర్వీసు అడగమనండి.