పాత కత్తి పిడికి కొత్త నిగారింపు

కొయ్య పిడి ఉన్న కత్తిని కొన్నేళ్లు వాడితే పిడి వెలిసిపోయి చేతికి గరుగ్గా తగులుతుంది. కొయ్య పాడైపోయిందని చాలామంది కత్తినే పారేస్తారు. చెడింది పైపొర ఒక్కటే. కింద చేవ గట్టిగానే ఉంటుంది.

ఇదంతా నీళ్ల పని. కొయ్య కణాల గోడల్లోని సెల్యులోజ్ అనే నార పదార్థం తేమ పీల్చి ఉబ్బుతుంది. పొడి కొయ్య బరువులో సుమారు 30 శాతం తేమ చేరేదాకా ఈ ఉబ్బు ఆగదు. అదీ నారకు అడ్డంగానే; పొడవునా మార్పు దాదాపు ఉండదు. పిడిలోని ఉక్కు, దాన్ని బిగించిన రివెట్లు తేమకు ఉబ్బవు. కడిగినప్పుడల్లా కొయ్య పెరిగి, ఆరినప్పుడల్లా తగ్గుతుంటే చివరికి కొయ్యకూ ఉక్కుకూ మధ్య సందు పడుతుంది. డిష్‌వాషర్‌లో వేడి కూడా తోడవుతుంది కాబట్టి కొయ్య పిడిని అందులో పెట్టనే కూడదు.

బాగుచేసే ముందు పిడిని పూర్తిగా ఆరనిచ్చి, కత్తి అంచుకు మందపాటి కాగితం చుట్టి టేపు వేయాలి. రివెట్లు వదులైతే ముందు వాటి సంగతి చూడాలి. తర్వాత పిడిని గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) ముతకదాని నుంచి సన్నదాని దాకా వరసగా రుద్దాలి. కాగితం మీది అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది: పి120లో సుమారు 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పి220లో 68, పి400లో 35. ముతకది గీసిన గీతల్ని తర్వాతిది చెరిపేయాలి. మధ్యలో మెట్టు దాటేస్తే ఆ గీతలు నూనె పట్టించాక కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నార వెంబడే రుద్దాలి. చివర్లో తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నలిగిన పోగులు పైకి లేస్తాయి. ఆరాక వాటిని సన్న కాగితంతో తీసేస్తే, తర్వాత తడి తగిలినా పిడి అంతగా గరుకెక్కదు. కొయ్య పొడి పీల్చడం ప్రమాదం, మాస్కు తప్పనిసరి.

అసలు కిటుకు నూనెలో ఉంది. కొబ్బరి నూనె రాస్తే పిడి వెంటనే మెరుస్తుంది, కానీ ఆ నూనె గట్టిపడదు. జిడ్డుగా ఉండి కొన్నాళ్లకు కంపు కొడుతుంది. అవిసె నూనె తీరు వేరు. దానిలోని లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంలో మూడు జంట బంధాలు, అంటే కార్బన్ పరమాణువుల మధ్య జోడు లంకెలు, ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ వాటి దగ్గర చర్య జరిపి అణువులను ఒకదానికొకటి ముడివేస్తుంది. అంటే ఈ నూనె ఆవిరైపోయి ఆరదు, ఆక్సిజన్ కలుపుకుని ఘనపదార్థంగా మారుతుంది. కొయ్య రంధ్రాల్లోనే గట్టిపడి నీటి రాకను నెమ్మదింపజేస్తుంది. ఆక్సిజన్ లోపలిదాకా అందాలంటే పూత పలచగా ఉండాలి. పావుగంట ఆగి మిగులు నూనెను తుడిచేసి, పూతకూ పూతకూ మధ్య కొన్ని రోజులు ఆరనివ్వాలి. తొందరపడితే పిడి బంకగా తయారవుతుంది. ‘బాయిల్డ్’ అని అమ్మే అవిసె నూనెలో సాధారణంగా త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. వంటింటి కత్తికి శుద్ధమైనదే నా ఎంపిక.

ఈ చర్యలో వేడి పుడుతుంది. పిడి మీది పలచని పొరలో అది గాలికి పోతుంది. ఉండచుట్టి పడేసిన నూనె గుడ్డలో మాత్రం లోపలే పేరుకుని, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. అందుకే వాడిన గుడ్డను నీళ్లలో ముంచాలి, లేదా ఆరుబయట మడతల్లేకుండా పరిచి బిరుసెక్కేదాకా ఆరనివ్వాలి.