కోడి బతికిన నలభై రోజులు: ఒక పశువైద్యురాలు చెప్పే అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పశువైద్యం చదివి చెన్నైకి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. నా పని ఎక్కువగా ఊత్తుకోట, తిరువళ్లూరు వైపు కోళ్ల ఫారాల్లో. అక్కడ నేను వెళ్లే ఇళ్లలో చాలావాటిలో తెలుగే మాట్లాడతారు. సాయంత్రం నగరానికి తిరిగివస్తే చుట్టాలు, ఇరుగుపొరుగు అడిగేది ఒక్కటే: మాంసం తినడం పాపమా, కాదా? అది ఎవరికి వారు తేల్చుకోవలసిన విషయం. నేను వారానికోసారి తింటాను. కానీ ఆ వాదన ఎప్పుడూ కత్తి దగ్గరే మొదలై కత్తి దగ్గరే ముగుస్తుంది. నేను చూసే బాధ మాత్రం అంతకు ముందు రోజుల్లో ఉంది.

అపోహ: బ్రాయిలర్ కోళ్లను హార్మోన్ ఇంజెక్షన్లతో పెంచుతారు.

వాస్తవం: ఇవ్వరు. ఎదుగుదల హార్మోను ఒక ప్రోటీను. దాణాలో కలిపితే కడుపులోనే అరిగిపోతుంది. సూదితో ఇవ్వాలంటే పదే పదే పొడవాలి. ఐదువేల కోళ్ల షెడ్డును చూసుకునేది ఒక భార్యాభర్తల జంట; రోజూ ఐదువేల సూదులు ఎవరు వేస్తారు? మొదటి వారంలో కంట్లో వేసే లసోటా చుక్క, రెండో వారంలో నీళ్లలో కలిపే గంబోరో మందు హార్మోన్లు కావు, రోగాలు రాకుండా ఇచ్చే టీకాలు.

మరి అంత త్వరగా ఎలా పెరుగుతుంది? త్వరగా పెరిగే కోళ్లనే తరతరాలుగా ఎంచి జతకట్టించడం వల్ల. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో 1957 నాటి కోడి జాతిని, 2005 నాటి జాతిని ఒకే దాణాతో పెంచి చూశారు. 56 రోజులకు పాత జాతి కోడి 905 గ్రాములు తూగితే, కొత్తది 4,202 గ్రాములు తూగింది. హార్మోను లేదని తెలిసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నాకు దిగులు మొదలయ్యేది అక్కడే. సూదితో వచ్చిన బాధ అయితే సూది ఆపితే పోతుంది. ఇది పుట్టుకలోనే ఉంది. రొమ్ము కండ పెరిగినంత వేగంగా కాళ్లు, గుండె గట్టిపడవు. ఐదో వారంలో షెడ్డులోకి వెళితే కొన్ని కోళ్లు నీళ్ల గిన్నె దాకా నాలుగడుగులు వేసి కూలబడతాయి. అలాంటి ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుంటే రొమ్ము మీద ఈకలు ఊడి, చర్మం ఎర్రగా, వేడిగా ఉంటుంది. మడమ కీలు దగ్గర గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. షెడ్డు నేల మీద పరిచి, రెట్టతో తడిసిన ఊకలో పుట్టిన అమ్మోనియా కాల్చిన గుర్తు అది. దుకాణంలో కాళ్లతో సహా కొనేటప్పుడు మీరూ చూడవచ్చు.

భయపడవలసింది యాంటీబయోటిక్స్ గురించి. ఇరుకులో, తడి ఊక మీద పెరిగే మందకు రోగం రాకముందే మందు పోసే అలవాటు ఉంది. అలా వాడగా వాడగా మందుకు లొంగని క్రిములు తయారవుతాయి. మనుషులకు చివరి ఆయుధంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. కోడి సుఖం, మన ఆరోగ్యం ఈ ఊక దగ్గరే కలుస్తాయి.

అపోహ: "మేము గుడ్డు, పాలే తీసుకుంటామమ్మా, ప్రాణం తీయం కదా."

వాస్తవం: మా పక్కింటి పెద్దావిడ ఎంతో నమ్మకంతో చెప్పే మాట ఇది. ఆవిడ నొచ్చుకోకుండా చెప్పడం నాకు ప్రతిసారీ కష్టమే. గుడ్ల జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ పనికిరాదు. అందుకే గుడ్లు పొదిగించే హేచరీలో మొదటిరోజే చాలావాటిని చంపేస్తారు. మిగిలినవాటిలో కొన్ని రంగులు పూసుకుని తిరునాళ్లలో పిల్లల చేతికి వస్తాయి. ఆడపిల్లలు పంజరంలోకి వెళతాయి. అక్కడ ఒక్కో పెట్టకు దక్కే చోటు మామూలుగా 450 చదరపు సెంటీమీటర్లు. మీ ఇంట్లో ప్రింటర్ కాగితం ఉంటే చూడండి, అది దాదాపు 624. ఆ చోటులో కోడి రెక్క చాచలేదు, మట్టిలో పొర్లలేదు. చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో ఈ పంజరాల గురించి రాసింది.

పాల విషయం క్లుప్తంగా చెబుతాను. పాలు రావాలంటే ఈనాలి. పుట్టిన మగదూడను మేపేవారు లేరు. చనిపోయిన దూడ తోలులో గడ్డి కుక్కి, తల్లి ముందు నిలబెట్టి పాలు పితకడం నా కళ్లతో చూశాను. తల్లి ఆ తోలును నాకుతూనే ఉంది.

అపోహ: చేపకు నొప్పి తెలియదు.

వాస్తవం: తెలుస్తుంది. నొప్పిని పసిగట్టే నరాలు చేప మూతి చుట్టూ ఉన్నాయి. చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో చేప బుట్టలో ఎగిరెగిరిపడేది ఊపిరాడకే.

అపోహ: మన దేశంలో జంతుహింసను ఆపే చట్టమే లేదు.

వాస్తవం: ఉంది, పైగా దాని మూలం చెన్నైలోనే ఉంది. చెన్నైలో కళాక్షేత్రను స్థాపించిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో తెచ్చిన బిల్లు నాంది కాగా, 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు. బాధ కలిగేలా ప్రాణిని మోసుకెళ్లడం ఆ చట్టం ప్రకారం నేరం. స్కూటరుకు తలకిందులుగా కట్టిన నాటుకోళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కానీ మొదటి తప్పుకు చట్టం రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 2001 నాటి కబేళా నియమాలు ఒక పశువు కళ్లముందు మరొకదాన్ని కోయకూడదని, పశువైద్యుడు గంటకు 12కి మించి పరీక్షించకూడదని చెబుతున్నాయి. వీధి చివర చికెన్ కొట్టులో బోను, కత్తిపీట పక్కపక్కనే ఉంటాయి.

అపోహ: జాలి చూపిస్తే రైతు నష్టపోతాడు.

వాస్తవం: బెదిరి, అలసి కోతకు వచ్చిన మేక కండలో చక్కెర నిల్వ అయిపోతుంది. ఆ మాంసం నల్లబారి త్వరగా చెడిపోతుంది. కోళ్లను లారీకి ఎక్కించే రాత్రి కూలీలు ఒక్కో చేత్తో నాలుగైదు కోళ్లను కాళ్లు పట్టి ఎత్తుతారు. రెక్కలు విరిగేది అప్పుడే. ఊత్తుకోట దగ్గర ఒక రైతుకు మూడేళ్లుగా చెబుతున్నాను: దీపాలు తగ్గించండి, రెండు చేతులతో పొదివి పట్టించండి అని. "అలా పడితే తెల్లారిపోతుంది డాక్టరమ్మా" అనేవాడు. పోయిన వేసవిలో ఒక బ్యాచ్‌కు ప్రయత్నించాడు. పని గంటన్నర ఆలస్యమైంది. రెక్క విరిగిన కోళ్ల కింద వ్యాపారి కోసుకునే డబ్బు తగ్గింది. ఇప్పుడు కూలీలకు రాత్రికి రెండు వందలు ఎక్కువిచ్చి అలాగే పట్టిస్తున్నాడు.