గాదంకి పచ్చకాంతికి చిక్కే ఎడారి దుమ్ము

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి వస్తుంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో పైగాలులను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ పేరు ఈ చుట్టుపక్కల చాలామంది విన్నదే. 1998లో అక్కడ ఏర్పాటైన లైడార్, అంటే లేజర్ కాంతితో ఆకాశాన్ని కొలిచే పరికరం, సంగతే అంతగా తెలియదు. మబ్బు లేని రాత్రుల్లో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను నిట్టనిలువునా ఆకాశంలోకి వదులుతారు. గాలిలోని రేణువులకు తగిలి కాస్తంత వెలుగు వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి అవి ఎంత ఎత్తులో ఉన్నాయో లెక్కకడతారు.

ఆ వెలుగు ఇంకో కబురూ తెస్తుంది. లేజర్ కాంతి ఒకే దిశలో ఊగుతూ పోతుంది. గుండ్రటి నీటి తుంపరకు తగిలితే దాదాపు అలాగే తిరిగొస్తుంది. మూలలూ అంచులూ ఉన్న మట్టి రేణువుకు తగిలితే ఆ ఊపు చెదురుతుంది. మంచు పలుకులూ ఇదే పని చేస్తాయి కాబట్టి ఎత్తు, చలి చూడకుండా 'ఇది దుమ్మే' అనడానికి లేదు.

ఇదే రంగు లేజర్‌తో పైనుంచి కిందికి చూసిన ఉపగ్రహం కాలిప్సో. 2007 నుంచి 2013 దాకా అది తీసిన కొలతలతో నాసా శాస్త్రవేత్తలు వేసిన లెక్క ప్రకారం, ఏటా సగటున 18.2 కోట్ల టన్నుల దుమ్ము ఆఫ్రికా పడమటి తీరం వదిలి అట్లాంటిక్ మీదికి పోతుంది. అందులో 2.77 కోట్ల టన్నులు అమెజాన్ మీద రాలతాయి. వాటితో వచ్చే ఫాస్ఫరస్, మొక్కలకు కావాల్సిన పోషకం, 22 వేల టన్నులు. వానలకూ వరదలకూ ఆ అడవి నేల పోగొట్టుకునేదీ సుమారుగా అంతే. అయితే సహారాయే అమెజాన్‌ను సాకుతోందని గట్టిగా చెప్పేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ ఏడేళ్లలోనే ఎక్కువ దుమ్ము పోయిన 2007కూ తక్కువ పోయిన 2011కూ మధ్య తేడా 86 శాతం.

అసలు సన్నటి దుమ్మును లేపడం గాలికి అంత తేలిక కాదు. ఆ రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని నేలను పట్టుకుని ఉంటాయి. గాలి ముందు కదిలించేది వాటికన్నా లావైన ఇసుకను. గెంతుకుంటూ పోయే ఇసుక నేలను కొట్టినప్పుడు సన్నది విడివడి లేస్తుంది, మట్టిరోడ్డు మీద గాలికి కదలని దుమ్ము లారీ టైరు పడగానే లేచినట్టు. లావు రేణువులు దగ్గర్లోనే రాలిపోతాయి. రెండు మూడు మైక్రాన్లవి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడారి వేడిగాలితో నాలుగైదు కిలోమీటర్లు పైకెక్కి రోజుల తరబడి ప్రయాణిస్తాయి. ఆఫ్రికా దేశం చాద్‌లోని బొదెలె పల్లం ఇందుకు పేరుమోసిన చోటు. ఎండిపోయిన మహా సరస్సు అడుగది. ఒకప్పటి సూక్ష్మమైన నీటిమొక్కలు, డయాటమ్‌లు, వదిలిన తేలికైన పెంకులే అక్కడ లేస్తాయి. తిబెస్తి, ఎన్నెడి కొండల సందులోంచి గాలి బలం పుంజుకుని వచ్చి వాటి మీద పడుతుంది.

మనకు దగ్గరి వ్యవహారం అరేబియా సముద్రం మీదిది. నైరుతి రుతుపవనాల వేళ అరేబియా ద్వీపకల్పం దుమ్ము ఆ సముద్రం మీద పరుచుకుంటుంది. ఎండను పీల్చుకుని చుట్టూ ఉన్న గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడి తేమగాలుల జోరును పెంచుతుంది. దుమ్ము పెరిగిన వారం లోపే మధ్య భారతంలో వాన పెరుగుతున్నట్టు 2014లో భారత, అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. ఆ ఫలితాన్ని చిత్తూరు చెరువులకు అంటగట్టకూడదు. ఇక్కడి రైతు అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం వైపు కూడా చూడాల్సిందే. పైగా దుమ్ముకు వానతో పని పడే నైరుతి రుతుపవనాల నెలల్లోనే మబ్బులు కమ్ముకుని, గాదంకి లేజర్‌కు పైదాకా దారి దొరికే రాత్రులు తగ్గిపోతాయి.